డయాగ్నొస్టిక్ సెంటర్‌కి ఏఐ చాట్‌బాట్: "బాట్ చెప్పే ప్రతి మాటకూ మీదే బాధ్యత" అంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

కొండాపూర్_టీమ్

కొండాపూర్‌లో తొమ్మిది మందితో నడిచే కంపెనీ మాది. సిటీలో నాలుగు బ్రాంచీలున్న ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌కి వాట్సాప్ చాట్‌బాట్ చేసిస్తున్నాం. అపాయింట్‌మెంట్ తీసుకోవడం, టెస్టు రేటు చెప్పడం, పరగడుపున రావాలో వద్దో చెప్పడం, రిపోర్టు తయారైందో లేదో చూసి చెప్పడం దాని పని. తెలుగు, హిందీ రెండూ. వెనక నడిచేది విదేశీ ఏఐ మోడల్, ఏపీఐ (మా సాఫ్ట్‌వేర్‌ని వాళ్ల మోడల్‌తో కలిపే దారి) ద్వారా. నెలకు రూ.60,000, మూడేళ్లకు.

వాళ్ల లాయర్ పంపిన 14 పేజీల డ్రాఫ్టులో నాలుగు చోట్ల ఆగిపోయాం. ఒకటి, బాట్ ఇచ్చే ఏ సమాధానం వల్ల ఎవరికి ఏ నష్టం జరిగినా పరిమితి లేకుండా మేమే భరించాలి. రెండు, డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం)తో సహా "వర్తించే అన్ని చట్టాలూ" పాటించే పూచీ మాదే. మూడు, చాట్‌లు, ప్రాంప్టులు (మోడల్‌కి మేం రాసే సూచనలు), సమాధానాలు అన్నిటి మీదా హక్కులు వాళ్లవే. మేమేమో ఆ చాట్‌లతో మా తెలుగు మోడల్‌ని మెరుగుపరచుకుందాం అనుకున్నాం. నాలుగు, గొడవ వస్తే వాళ్ల ఎండీ నియమించే ఆర్బిట్రేటర్ (కోర్టు బదులు తీర్పు చెప్పే వ్యక్తి) దగ్గర తేల్చుకోవాలి.

"ఇది ఏఐ, తప్పులు దొర్లవచ్చు" అని చాట్ మొదట్లో ఒక లైను పెడితే సరిపోదా? అసలు మన దేశంలో ఏఐకి చట్టం ఉందా? పాత క్లయింట్లతో రెండు పేజీల వర్క్ ఆర్డర్ మీదే బండి నడిచింది, అందుకే ఇంత వివరంగా అడుగుతున్నా. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ కూడా ఇలాంటిదే కావాలంటోంది. అక్కడ వేరే చిక్కులుంటాయా?

సివిల్_సైడ్_అడ్వకేట్

ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి. అలాగని క్లాజు మొత్తం కొట్టేయమన్నా వాళ్లు ఒప్పుకోరు. అంత గట్టిగా ఎందుకు రాశారో అర్థమైతే ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు చట్టం సంగతి. ఏఐకంటూ విడిగా చట్టం మన దగ్గర లేదు. 2025 నవంబర్‌లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఏఐ గవర్నెన్స్ మార్గదర్శకాలు విడుదల చేసింది గానీ వాటితోనే ఎవరికీ జరిమానా పడదు. కేసు వేసేవాళ్లకు కాంట్రాక్టు చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం, ఐటీ చట్టం చాలు. కెనడాలో 2024 ఫిబ్రవరిలో తేలిన ఎయిర్ కెనడా వ్యవహారం చూడండి. దగ్గరి బంధువు చనిపోయినప్పుడు ఇచ్చే టికెట్ రాయితీ గురించి వాళ్ల చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. బాట్ మాటలకు తమను పట్టుకోవడం కుదరదని సంస్థ వాదించింది. మీ వెబ్‌సైట్‌లో ఉన్న సమాచారమంతా మీ బాధ్యతేనని ట్రిబ్యునల్ డబ్బు కట్టించింది. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడనక్కర్లేదు. కానీ వాదన ఎటు పోతుందో తెలుస్తోంది కదా. బాట్ రూ.400 అని చెప్పి, కౌంటర్‌లో రూ.650 అడిగితే మీ ఒక్క లైను పేషెంటును ఆపదు. ఆ లైను పెట్టండి, మాట్లాడేది మనిషి కాదని చెప్పడానికి. అంతకు మించి దాని మీద బరువు వేయొద్దు.

ఇక డీపీడీపీ. చట్టం 2023ది, రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. నోటీసు, సమ్మతి, భద్రత, లీకైతే తెలియజేయడం లాంటి అసలు బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా మైదానం ఖాళీ అనుకోకండి. ఐటీ చట్టం సెక్షన్ 43ఏ, దాని కింది 2011 రూల్స్ అంతవరకూ ఉంటాయి, వాటి లెక్కలో వైద్య రికార్డులు సున్నితమైన డేటాయే. మీ కాంట్రాక్టు మూడేళ్లు కాబట్టి రెండు కాలాలకూ సరిపడా ఇప్పుడే రాసుకోవాలి.

వాళ్ల భయమంతా ఇక్కడుంది. డేటా ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లు డేటా ఫిడ్యూషియరీ, అంటే మీ డయాగ్నొస్టిక్ సెంటర్. వాళ్ల తరఫున పనిచేసే మీరు ప్రాసెసర్. మధ్యలో ఏ ఒప్పందమున్నా ప్రాసెసర్ చేసినదానికి కూడా ఫిడ్యూషియరీయే జవాబు చెప్పాలని సెక్షన్ 8 అంటుంది. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా, లీకైన సంగతి చెప్పకపోతే రూ.200 కోట్ల దాకా. ఈ జరిమానాలు వేసే డేటా రక్షణ బోర్డు పట్టుకునేది వాళ్లను, అందుకే ఆ బరువును కాంట్రాక్టు ద్వారా మీ వైపు తోస్తున్నారు. "బాధ్యత మాకొద్దు" అంటే ఈ బేరం సాగదు. "ఎవరి చేతిలో ఉన్నదానికి వాళ్లది బాధ్యత" అంటే సాగుతుంది.

క్లాజు ఇలా మార్చమనండి. "ఏ సమాధానం వల్లనైనా" అన్నచోట "అనుబంధం 1లోని ఆమోదిత సమాచారానికి విరుద్ధంగా బాట్ ఇచ్చిన సమాధానం వల్ల" అని రావాలి. ఆ అనుబంధంలో రేట్ల పట్టిక, బ్రాంచి వేళలు, పరగడుపు సూచనలు ఉంటాయి. అవి ఇచ్చేది, మారినప్పుడల్లా చెప్పేది క్లయింటు, కాబట్టి వాటిలో తప్పుంటే వాళ్లది. ఉన్నదాన్ని బాట్ మార్చి చెప్పినా, లేనిదాన్ని కల్పించినా మీది. మామూలు నష్టాలకు పరిమితి 12 నెలల ఫీజు, అంటే రూ.7.2 లక్షలు. డేటా లీకుకు విడిగా దాని మూడింతలు, రూ.21.6 లక్షలు. మోసం, రహస్యాలను తెలిసి తెలిసి బయటపెట్టడం లాంటివాటికి పరిమితి అడిగి పరువు తీసుకోవద్దు. పోయిన లాభాల్లాంటి పరోక్ష నష్టాలను రెండు వైపులా మినహాయించండి.

"వర్తించే అన్ని చట్టాలు" అన్నదాన్ని రెండుగా చీల్చండి. పేషెంటుకు నోటీసు ఇవ్వడం, సమ్మతి తీసుకోవడం వాళ్ల పని. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదైనా ఒకదాంట్లో గానీ చదువుకునే వీలు పేషెంటుకు ఉండాలి. తెలుగు, హిందీ, ఉర్దూ మూడూ అందులో ఉన్నాయి. ఆ నోటీసును చాట్‌లో సరిగ్గా చూపించడం, సమ్మతి తీసుకున్న సమయం నమోదు చేయడం, వాళ్లు చెప్పినప్పుడు చెరిపేయడం మీ పని.

డ్రాఫ్టులో లేనిది, నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదమైనది మరొకటుంది. 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఏఐ ప్లాట్‌ఫాం రోగికి సలహా ఇవ్వకూడదు, మందులు రాయకూడదు. డాక్టరుకు సాయం మాత్రమే చేయొచ్చు. మీ బాట్‌ని జనం తప్పకుండా అడుగుతారు: "క్రియాటినిన్ 1.8 వచ్చింది, భయపడాలా?", "షుగర్ 240 ఉంది, మాత్ర డబుల్ చేయాలా?" మోడల్‌ని ఆపకపోతే అది మర్యాదగా, నమ్మకంగా ఏదో ఒకటి చెప్పేస్తుంది. రిపోర్టు పంపడంతో ఆగాలి. అంకెల అర్థం చెప్పడం మొదలుపెడితే అది రోగ నిర్ధారణకు వాడే సాఫ్ట్‌వేర్ అవుతుంది. అలాంటి సాఫ్ట్‌వేర్‌ని 2020 నుంచి వైద్య పరికరాల కిందే లెక్కిస్తున్నారు. నెలకు రూ.60,000కి ఆ తలనొప్పి తెచ్చుకునే పని కాదు. పరగడుపు సూచన కూడా ల్యాబ్ డాక్టరు సంతకం చేసిచ్చిన వాక్యమే అక్షరం మారకుండా వెళ్లాలి. మోడల్ చేత కొత్తగా రాయించొద్దు.

ఎండీ నియమించే ఆర్బిట్రేటర్ సంగతి తేలిక. ఫలితంలో ఆసక్తి ఉన్నవాళ్లు ఏకైక ఆర్బిట్రేటర్‌ను తామే నియమించుకోవడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అయినా రూ.7 లక్షల గొడవకు ఆర్బిట్రేషన్ దండగ. రూ.3 లక్షలు, ఆపైన ఉన్న వాణిజ్య వివాదం కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వులు అక్కర్లేని కేసైతే దావాకు ముందు మీడియేషన్ (మూడో మనిషి సాయంతో రాజీ ప్రయత్నం) తప్పనిసరి. "ముందు మీడియేషన్, తర్వాత హైదరాబాద్ కోర్టులు" అని రాసుకుంటే చాలు.

సర్వర్_రూమ్

అడ్వకేట్ గారు చెప్పిన "ఆమోదిత సమాచారానికి విరుద్ధంగా" అన్న మాట మీకు పనికొచ్చేది లాగ్ (బాట్ ఎప్పుడేం చేసిందో రాసుకునే రికార్డు) ఉంటేనే. లేకపోతే పేషెంటు స్క్రీన్‌షాట్ ఒక్కటే సాక్ష్యం, అందులో మీ పక్షం ఉండదు.

ప్రతి సమాధానానికీ ఇవి నమోదు చేయండి: సమయం, వచ్చిన మెసేజ్, ఆ క్షణంలో అమల్లో ఉన్న రేట్ల పట్టిక వెర్షన్, ప్రాంప్ట్ వెర్షన్, మోడల్ పూర్తి పేరు, బాట్ ఏ డాక్యుమెంటు చూసి చెప్పింది, ఏం చెప్పింది, మనిషికి అప్పగించిందా లేదా. మోడల్ పేరు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. "తాజా వెర్షన్" అనే ముద్దుపేరుతో ఏపీఐని పిలిస్తే, వెనకాల వాళ్లు మోడల్ మార్చినా మీకు తెలియదు. నిన్న సరిగ్గా చెప్పింది ఇవాళ తప్పు చెబుతుంది. తేదీతో ఉన్న వెర్షన్‌కే కట్టేయండి, అది ఎప్పుడు ఆగిపోతుందో క్యాలెండర్‌లో వేసుకోండి.

రోజువారీ లాగ్ ఫైలుకు హ్యాష్ (ఫైలులో అక్షరం మారినా మారిపోయే డిజిటల్ ముద్ర) తీసి వేరేచోట పెట్టండి. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో హ్యాష్ విలువ అడుగుతారు. గొడవయ్యాక తీసిన హ్యాష్ కన్నా ఆ రోజే తీసింది నిలబడుతుంది. కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి. ఏఐ సిస్టమ్‌ల మీద దాడులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. డీపీడీపీ రూల్స్ అమల్లోకి వచ్చాక లాగ్‌లు కనీసం ఏడాది, లీకైతే ఆలస్యం లేకుండా బోర్డుకు కబురు, 72 గంటల్లో పూర్తి వివరం. 180 రోజులకు కట్టి మళ్లీ మార్చే బదులు మొదటి నుంచే ఏడాదికి కట్టండి.

మోడల్‌కి పంపే ముందు పేరు, ఫోన్ నంబర్, పేషెంటు ఐడీ తీసేసి వాటి స్థానంలో గుర్తులు పెట్టాలి. ఇంగ్లిష్ కోసం తయారైన మాస్కింగ్ టూల్ తెలుగు దగ్గర చతికిలపడుతుంది. మనవాళ్లు పేరుకు ప్రత్యయం అతికించి రాస్తారు: "లక్ష్మికి", "రమేశ్‌వాళ్ల నాన్నది". జ్యోతి, శాంతి లాంటివి మామూలు మాటలూ అవుతాయి, పేర్లూ అవుతాయి. సగం మంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. వాయిస్ నోట్‌లో నంబర్‌ని "తొంభై ఎనిమిది, నలభై ఎనిమిది" అని జంటలుగా చెబుతారు, పది అంకెలు వెతికే ఫిల్టర్‌కు అది దొరకదు. కాబట్టి పేర్లు పట్టుకునే పని టూల్‌కే వదిలేయకండి. పేరు, వయసు, నంబర్ మోడల్‌తో పని లేకుండా వాట్సాప్ ఫారంలో విడిగా తీసుకోండి, చాట్‌లో వచ్చేది అప్పటికే తగ్గిపోతుంది. అడక్కపోయినా కొందరు ఆధార్ ఫొటో పంపుతారు. దాన్ని మోడల్ దాకా పోనివ్వకుండా చెరిపేసి "ఆధార్ అవసరం లేదు" అని జవాబివ్వాలి.

ఏపీఐ షరతులు కూడా చదవండి. ఉదాహరణకు ఓపెన్‌ఏఐ ఏపీఐ డేటాను 2023 మార్చి 1 నుంచి, మనం ఒప్పుకుంటే తప్ప, ట్రైనింగ్‌కు వాడడం లేదు. దుర్వినియోగం కనిపెట్టడానికి మామూలుగా 30 రోజుల దాకా ఉంచుకుంటుంది. మామూలు చాట్ ఖాతాలకు ఆ హామీ డిఫాల్ట్‌గా ఉండదు. సపోర్టు కుర్రాడు పేషెంటు మెసేజ్‌ని సొంత ఖాతాలో అతికించి "మంచి జవాబు రాయి" అన్నాడంటే మీరు కట్టుకున్న గోడంతా అక్కడ కూలినట్టే. దాన్ని ఉద్యోగుల పాలసీలో ఒక్క వాక్యంలో నిషేధించండి.

ఇంకోటి, 2026 జనవరి 15 నుంచి వాట్సాప్ బిజినెస్ ఏపీఐలో ఏదడిగినా చెప్పే సాధారణ ఏఐ అసిస్టెంట్లకు చోటు లేదని మెటా షరతులు మార్చింది. తమ కస్టమర్లకు సేవలందించే బాట్‌కు ఇబ్బంది లేదు. మీ బాట్ క్రికెట్ స్కోరు కూడా చెబుతోందంటే ప్రాంప్ట్ బిగించాల్సిందే.

"98 శాతం కచ్చితత్వం" లాంటి మాట అగ్రిమెంట్‌లో రాయకండి, దేని మీద 98? 200 ప్రశ్నల సెట్ తయారుచేసి అనుబంధంగా పెట్టండి: 80 తెలుగు లిపిలో, 60 ఇంగ్లిష్ అక్షరాల తెలుగు, 40 మన సిటీ హిందీలో, 20 బాట్ నోరు మూసుకోవాల్సిన వైద్య ప్రశ్నలు. మొదటి 180లో ఎన్నిటి దాకా తప్పొచ్చో బేరం ఆడుకోండి. చివరి 20లో ఒక్కటి కూడా తప్పకూడదు. మోడల్, ప్రాంప్ట్, రేట్ల పట్టిక ఏది మారినా మళ్లీ నడిపి ఫలితం క్లయింటుకు మెయిల్ చేయండి.

కొండాపూర్_టీమ్

ఇద్దరికీ థాంక్స్ అన్నా. చాట్‌ల నుంచి పేర్లు, నంబర్లు తీసేసి మా మోడల్ ట్రైనింగ్‌కు వాడుకోవచ్చా? కోచింగ్ సెంటర్ సంగతి కూడా చెప్పండి.

సివిల్_సైడ్_అడ్వకేట్

క్లయింటు పని కోసం వాడినంతకాలం మీరు ప్రాసెసర్. మీ మోడల్ కోసం వాడిన క్షణం ఎందుకు వాడాలో మీరే నిర్ణయించినట్టు. అంటే ఆ డేటాకు మీరే ఫిడ్యూషియరీ, ఇందాక చెప్పిన కోట్ల జరిమానాలు నేరుగా మీకే. పేషెంటు సమ్మతి ఇచ్చింది అపాయింట్‌మెంట్ కోసం, మీ ట్రైనింగ్ కోసం కాదు.

పేరు తీసేస్తే సరిపోతుందా అంటే, మనిషిని గుర్తుపట్టగలిగితే అది ఇంకా వ్యక్తిగత డేటాయే. "మౌలాలి బ్రాంచిలో సోమవారం పొద్దున ఫలానా అరుదైన జన్యు పరీక్ష" అన్న వాక్యంలో పేరు లేకపోయినా ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది. అందుకే అసలు చాట్‌ల జోలికి పోకుండా, ఏ రకం ప్రశ్నలు వస్తున్నాయో, ఏవి తప్పుతున్నాయో లెక్కలు మాత్రం వాడుకునే హక్కు అడగండి. అది ఇస్తారు. ఆ లెక్కలు చూసి మీ మనుషుల చేత కొత్త ప్రశ్నలు రాయించుకోండి.

రాయించేటప్పుడు ఒక జాగ్రత్త. జీతం మీద ఉన్న ఉద్యోగి రాస్తే కాపీరైట్ మామూలుగా కంపెనీదే. ఫ్రీలాన్సర్ రాస్తే, రాతపూర్వక అసైన్‌మెంట్ (హక్కుల బదిలీ పత్రం) లేకుండా మీకు రాదు, డబ్బు కట్టినా సరే. అసైన్‌మెంట్‌లో కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని కాపీరైట్ చట్టం సెక్షన్ 19 లెక్క. ఇక బాట్ రాసిన సమాధానాల మీద హక్కు వాళ్లకే వదిలేయండి, వాటితో మీకు పని లేదు. ప్రాంప్టులు, కోడ్, 200 ప్రశ్నల సెట్ మాత్రం మీవిగా ఉంచుకుని, కాంట్రాక్టు ఉన్నంతకాలం వాడుకునే లైసెన్స్ ఇవ్వండి. వాటిని వదులుకుంటే రెండో క్లయింటుకు మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

కోచింగ్ సెంటర్‌లో చిక్కు వయసు. డీపీడీపీ చట్టానికి 18 నిండనివాళ్లంతా పిల్లలే, అంటే ఇంటర్ చదివేవాళ్లు దాదాపు అందరూ. తల్లిదండ్రుల సమ్మతి, అదీ సరిచూసుకోగలిగిన రూపంలో కావాలి. పిల్లల ప్రవర్తన మీద నిఘా, వాళ్లను గురిపెట్టిన ప్రకటనలు నిషేధం. తప్పితే రూ.200 కోట్ల దాకా. విద్యాసంస్థలు చదువు కోసం, పిల్లల భద్రత కోసం చేసే ట్రాకింగ్‌కు రూల్స్‌లో మినహాయింపు ఉంది. మార్కులు తగ్గాయని గమనించి లాంగ్ టర్మ్ బ్యాచ్ అమ్మే మెసేజ్ పంపడం అందులోకి రాదు. కోచింగ్ వాళ్లు అడగబోయే మొదటి ఫీచర్ అదే, ముందే చెప్పేయండి.

కొనుగోలు_విభాగం

అడ్వకేట్ గారితో ఒక్కచోట ఏకీభవించను. హెల్త్‌కేర్ క్లయింటు డేటా లీకుకు మూడింతల ఫీజు అంటే ఒప్పుకోడు, అదీ రూ.7.2 లక్షల ఫీజు మీద. అవతలివైపు కూర్చున్నవాళ్లు చూసేది ఫీజు కాదు, మీరు నిజంగా ఎంత కట్టగలరన్నది. సైబర్ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని, లీకు పరిమితిని ఆ పాలసీ మొత్తానికే కట్టండి. ఏఐ వల్ల వచ్చే క్లెయిములను పాలసీ మినహాయిస్తోందా అన్నది మాత్రం చదివాకే ప్రీమియం కట్టాలి. లీకైతే 24 గంటల్లో మాకు చెప్తారా, ఏడాదికోసారి ఆడిట్‌కు ఒప్పుకుంటారా, కాంట్రాక్టు ముగిశాక 30 రోజుల్లో చెరిపేసి సర్టిఫికెట్ ఇస్తారా, మోడల్ కంపెనీని మార్చేముందు అడుగుతారా? ఈ నాలుగూ మీరే ముందుగా రాసిస్తే "పరిమితి లేకుండా" అన్న మాట చాలాసార్లు దానంతటదే పోతుంది.

పద్దుల_పుస్తకం

పన్ను వైపు ఎవరూ రాలేదు కాబట్టి. విదేశీ ఏపీఐ బిల్లు మీద 18 శాతం ఐజీఎస్టీ రివర్స్ చార్జ్‌లో మీరే కట్టాలి. నెలకు రూ.40,000 బిల్లయితే రూ.7,200, తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. అయితే ఖాతా కంపెనీ పేరు మీద, జీఎస్టీ నంబర్‌తో ఉండాలి. డైరెక్టర్ సొంత ఖాతా, సొంత కార్డు అయితే ఆ విదేశీ కంపెనీయే పన్ను వేసి బిల్లు పంపుతుంది, ఆ క్రెడిట్ మీకు రాదు.

డయాగ్నొస్టిక్ సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, కాబట్టి మీరు వేసే 18 శాతం వాళ్లకు క్రెడిట్ కాదు, ఖర్చే. రూ.60,000 కాస్తా రూ.70,800 అవుతుంది. "పన్ను అదనం" అని అగ్రిమెంట్‌లో లేకపోతే మొదటి బిల్లు దగ్గరే పేచీ. బాధ్యత పరిమితి లెక్కకు తీసుకునే ఫీజు పన్ను లేకుండా అని కూడా రాయండి.

సంతకానికి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) తీసుకోండి. చిన్న సంస్థలకు చెల్లింపు 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. డ్రాఫ్టులో 90 రోజులని ఉన్నా చట్టం 45 దాటనివ్వదు. స్టాంప్ పేపర్ కూడా మరవద్దు. స్టాంప్ లేనంత మాత్రాన అగ్రిమెంట్ చెల్లకుండా పోదని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది గానీ, సుంకం, పెనాల్టీ కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

సివిల్_సైడ్_అడ్వకేట్

కొనుగోలు విభాగం గారి మాట ఒప్పుకుంటాను, పాలసీ ఉంటే దానికే కట్టడం మేలు.

పాత క్లయింట్ల రెండు పేజీల వర్క్ ఆర్డర్లను తిరగరాయక్కర్లేదు. ఒక్కో దానికి ఒక పేజీ అదనపు ఒప్పందం చాలు: ఏ డేటా ఎక్కడికి పోతుంది, ఏ మోడల్ కంపెనీకి, ఎన్నాళ్లుంటుంది, లీకైతే ఎవరు ఎవరికి ఎన్ని గంటల్లో చెప్పాలి, బాధ్యత పరిమితి ఎంత. రెన్యువల్ బిల్లుతో పాటే పంపండి. విడిగా పంపితే వాళ్ల లాయర్ మళ్లీ 14 పేజీలు పంపిస్తాడు.